పేపర్లో పంచిన కళ్లద్దాలు

ఆదోని,
20-12-2025, శనివారం

ముస్రత్‌కు,

అస్సలాము అలైకుమ్. మామూలుగా నీకు ఆదివారం రాస్తాను. ఈసారి ఒక రోజు ముందే రాయడానికి కారణం, ఈ ఉదయం జిల్లా పేపరు తొమ్మిదో పేజీలో నేను ప్రసంగించాను.

వార్త పూర్తిగా మూడుసార్లు చదివాను. నిన్న ఎమ్మిగనూరులో మీ సంస్థ నేత పనివాళ్లకు ఉచిత కళ్లద్దాల శిబిరం పెట్టిందట. అరవై నాలుగు మందికి అద్దాలు పంచారట. 'నేతన్నల కంటిచూపే మన సంస్కృతికి వెలుగు అని విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు బడేబీ ఉద్ఘాటించారు' అని ఉంది. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. నా జీవితంలో నేను ఏదీ ఉద్ఘాటించలేదు. నేతన్నలు అనే మాట కూడా వాడను. ఎవరి పేరు వాళ్లకుంది.

మీ ఆఫీసులో పత్రికా ప్రకటనలు రాసేది నువ్వేనని నీ ఉత్తరాల్లోనే చెప్పావు. కాబట్టి ఈ ప్రసంగం నీదని అనుకుంటున్నాను. అక్కడ ఏం జరిగిందో నీ చేత్తో రాసి పంపు. ఫోను చేయవద్దు. ఫోనులో చెప్పిన మాటకు తేదీ ఉండదు. ఇంటర్న్‌షిప్ నాలుగు నెలలూ వేరే ఊళ్లో గది తీసుకుని ఉంటానంటే మీ అమ్మ వద్దంది, నేను సరేనన్నాను. దానికి నేను పెట్టిన షరతు వారానికొక ఉత్తరం. అది ఇలాంటి రోజు కోసమే.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. మీ అమ్మకు మోకాలు నొప్పి తగ్గింది. నీ ఊదారంగు స్వెట్టరు బీరువాలోనే ఉండిపోయింది. బస్సులో ఎవరైనా వస్తుంటే పంపుతాను.

దువాలతో,
మీ నానీ, బడేబీ


ఎమ్మిగనూరు,
23-12-2025

నానీకి ముస్రత్ సలాములు.

నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఉద్ఘాటించారు అని రాసినందుకు మాఫీ చెయ్యి. 'అన్నారు' అని నాలుగు చోట్ల రాసేశాను, ఐదో చోటికి వేరే మాట కావలసి వచ్చింది.

జరిగింది చెప్తాను. మా ప్రోగ్రాం మేనేజర్ సురేష్ సార్ మొదటి వారంలోనే పద్ధతి నేర్పించాడు. విలేకరుల పేజీ సాయంత్రం నాలుగుకల్లా మూసేస్తారు. అందుకని కార్యక్రమం ముందురోజే వార్త రాసి పెట్టుకుంటాం, పొద్దున్నే పంపేస్తాం. "చేస్తామంటే ఎవురూ ఏసుకోరు ముస్రత్, చేసినామంటే ఏసుకుంటారు" అంటాడు. ఇక్కడ అన్ని సంస్థలూ ఇలాగే చేస్తాయి, పార్టీలవాళ్లు కూడా. మాట్లాడబోయేవాళ్ల మాటలు కూడా మేమే రాస్తాం. ఎవరూ కాదనరు. చాలామంది సంతోషిస్తారు.

శిబిరానికి తేదీ చెప్పింది నేనే. నేను గది తీసుకున్న ఇంటి బసమ్మక్క నేత నేస్తుంది. అమావాస్య నాడు ఈ వీధుల్లో మగ్గం ఆడదని ఆమె చెప్పింది. మామూలు రోజు పిలిస్తే పని ఆపుకుని రావాలి కదా. నవంబరు 20 అమావాస్య నాడే కళ్ల పరీక్ష పెట్టాం, అందరూ వచ్చారు, అందరికీ నంబరు చీటీలు ఇచ్చాం. అందుకే అద్దాలు పంచడానికి మళ్లీ అమావాస్యే పెట్టమన్నాను. సార్ మెచ్చుకున్నాడు. కానీ ముఖ్య అతిథి, అంటే అద్దాలకు విరాళమిచ్చిన పెద్దమనిషి, ముందురోజు రాత్రి క్యాలెండరు చూసుకున్నాడు. అమావాస్య పూట రిబ్బను కత్తిరించనన్నాడు. ఆయనను ఒప్పించడానికి పొద్దున సార్, నేను నందవరం దాకా పోయి వచ్చాం. ఒప్పుకోలేదు. అప్పటికే వార్త వెళ్లిపోయింది. విలేకరులకు ఫోన్ చేసి ఆపుతానన్నాడు సార్, మరచిపోయినట్టున్నాడు.

ఎవరికీ ఇబ్బంది కలగలేదు. జనానికి ముందే చెప్పేశాం, ఎవరూ రాలేదు. 30న శిబిరం పెడుతున్నాం. అప్పుడు వార్తలో ఉన్నదంతా నిజమైపోతుంది, పదకొండు రోజులు ఆలస్యంగా.

నీ పేరెందుకు రాశానంటే, నెల కిందట రమ్మని అడిగితే 'చూద్దాం' అని రాశావు. వస్తావనుకున్నాను. రాకపోవడమే మంచిదయింది.

ముస్రత్


ఆదోని,
26-12-2025, శుక్రవారం

ముస్రత్‌కు,

నేను వచ్చాను.

నా దినచర్య పుస్తకంలో 19వ తేదీ పేజీ ఇలా ఉంది. ఆదోని బస్సు 8.50. ఎమ్మిగనూరు 10.05. మీరు చెప్పిన సామాజిక భవనం దగ్గరికి ఆటోలో 10.20. గేటుకు తాళం. మెట్ల మీద జనం. మొదటిసారి లెక్కపెట్టినప్పుడు ఇరవై ఎనిమిది, పన్నెండు గంటలకు నలభై ఒకరు. 12.40కి కాపలాదారు వచ్చి, "ఇయ్యాల లేదంట, పోండి" అన్నాడు. ఎందుకు లేదో, మళ్లీ ఎప్పుడో అతనికి తెలియదు. వాళ్లు వెళ్లారు, నేనూ వెళ్లాను.

మొదటి ఉత్తరంలో ఇది రాయకపోవడం నా ఇష్టం. నువ్వు నీ అంతట నిజం చెప్తావో లేదో చూద్దామనుకున్నాను. నువ్వు 'జనానికి ముందే చెప్పేశాం, ఎవరూ రాలేదు' అని రాశావు. నలభై ఒకరి మధ్య రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చుని వచ్చిన నాకే ఆ మాట రాశావు.

ఆ మెట్ల మీద నా పక్కన ఒకామె కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. నంబరు చీటీని చేయి చాచి దూరంగా పట్టుకుని, "అమ్మా, ఇందులో నాది ఎంతుందో సదివి సెప్పు, ఆడికి పోయినాక తికమక పడకూడదు" అంది. రెండున్నర అని చెప్పాను. "రెండున్నరా. మా వదినెకు రెండే. ఆయమ్మకంటే నాకే ఎక్కువ" అని నవ్వింది. కొంగులో నుంచి వేయించిన శెనక్కాయలు తీసి పెట్టింది. పోగు తెగితే కనపడక చీర అంచులో తప్పులు పోతున్నాయని, ఇంకొక్క చీర పాడైతే అంచు పని ఆపేసి తువ్వాళ్లు నేయమంటానని షావుకారు చెప్పాడని అంది. వార్తలో 'నా కళ్లకు వెలుగొచ్చింది అని బసమ్మ అనే నేత కార్మికురాలు ఆనందం వ్యక్తం చేశారు' అని ఉంది కదా. చీటీ మీది పేరు బసమ్మ. మీ ఇంటామె ఆవిడే అయితే, ఆమెతో ఒకే కప్పు కింద ఉంటూ ఈ మాట ఎలా రాశావో నాకు తెలియదు.

పదకొండు రోజుల తర్వాత నిజమయ్యేది ఈ రోజు అబద్ధం. ఐదో తరగతి పిల్లకు కూడా ఇది చెప్పనక్కర లేదు.

పేపరుకు సవరణ పంపు. 30 సాయంత్రం లోపల నాకు ఆ సంగతి తెలియాలి. తెలియకపోతే నేనే రాస్తాను.

బడేబీ


ఎమ్మిగనూరు,
31-12-2025

నానీకి,

సలాం. నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. గడువు దాటిందని నాకు తెలుసు, అయినా ఇది చదివే దాకా ఆగు.

'ముందే చెప్పేశాం' అన్నది సురేష్ సార్ నాకు చెప్పిన మాట. నేను నమ్మి రాశాను. అబద్ధమాడలేదు. నువ్వు మెట్ల మీద కూర్చుని ఉంటే నేను నందవరంలో ఒక ఇంటి వరండాలో నిలబడి, రిబ్బను రాహుకాలం కాకుండా కత్తిరించవచ్చునని ఒక పెద్దమనిషిని బతిమాలుతున్నాను. నువ్వు వచ్చావని ఒక్క మాట చెప్పి ఉంటే పరిగెత్తుకుని వచ్చేదాన్ని. చెప్పకుండా వచ్చి, చెప్పకుండా వెళ్లి, వారం తర్వాత నాకు పరీక్ష పెట్టావు. నీ స్కూల్లో పిల్లలకు కనీసం పరీక్ష ఉందని ముందు చెప్పేదానివి.

బసమ్మ మా ఇంటామే. ఆ మాట నేను ఆమెను అడగకుండా రాశాను. ఆ రోజు మెట్ల దాకా పోయి వచ్చానని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంతకన్నా పెద్ద సంగతి జరిగింది. 30న శిబిరం పెట్టలేదు. ఇక పెట్టరు. పేపర్ కటింగు దాతకు వెళ్లింది, హైదరాబాదులో ఉన్న మా పెద్దాఫీసుకూ వెళ్లింది. వాళ్ల కాగితాల్లో ఎమ్మిగనూరు పూర్తయింది. అద్దాల పెట్టెను హాలహర్వి శిబిరానికి పంపించేశారు. అడిగితే సార్ అన్నాడు, "అయిపోయిందని పేపర్లోనే ఉండె కదా ముస్రత్, మళ్లా ఇస్తే రెండుసార్లు ఇచ్చినట్టయితాది. వచ్చే ఏడాది సూద్దాం."

బసమ్మక్కకు నిన్న రాత్రే చెప్పాను, నేను రాసిన మాటతో సహా. పేపరు తీసుకురమ్మంది. చదివి వినిపించాను. తర్వాత, "నా కండ్లకు వెలుగొచ్చిందంట. నాకు సెప్పకుండా యాడికి వచ్చిందో" అంది. బజారులో ఆమె నంబరుకు అద్దాలు కొని తెచ్చి ఇస్తే ముట్టుకోలేదు. "నాకొక్కదానికి నువ్వు కొనిస్తావు పాపా. తక్కినోళ్లకి? నాకు ఇచ్చినామని రాసినారు కదా, ఆ ఇచ్చినవే నాకు కావాల" అంది. కత్తెర తీసుకుని ఆ వార్త చుట్టూ నెమ్మదిగా కత్తిరించి, మడిచి, రేషను కార్డు పక్కన పెట్టుకుంది.

నాకు పది రోజులు ఇవ్వు. పెట్టె హాలహర్విలోనే ఉంది, ఇంకా పంచలేదు. సార్‌ను నేను ఒప్పిస్తాను. ఇప్పుడు నువ్వు పేపరుకెక్కితే ఆయన బిగుసుకుపోతాడు. నా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టవలసింది కూడా ఆయనే. నేను అది నీకు గుర్తు చేయడం లేదు, నువ్వే లెక్కలో వేసుకుంటావని తెలుసు.

ముస్రత్


ఆదోని,
3-1-2026, శనివారం

ముస్రత్‌కు,

నీ ఉత్తరం ఈ రోజు పదకొండున్నరకు వచ్చింది. నా ఉత్తరం పేపర్లో ఈ రోజు ఉదయం ఆరుకు వచ్చింది. ఐదున్నర గంటల తేడా. ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి లేదు. ఉన్నా తీసుకోను.

31న పేపరు వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. చెప్పుల అంగడి మీద ఉంది, ఇరవై రెండు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. విలేకరి పేరు ఉచ్చీరప్ప. మర్యాదగలవాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు, డిసెంబరులో. "మేడం, సవరణంటే సంస్థ లెటర్‌హెడ్ మీద రావల్ల" అన్నాడు. నా మాట వేసేటప్పుడు నా లెటర్‌హెడ్ అడిగారా అన్నాను. "నోట్ వచ్చింది, ఏసినాం మేడం" అన్నాడు. అలాగే ఇదీ నోటే, వేయండి అన్నాను. తల గోక్కున్నాడు. చివరికి పాఠకుల ఉత్తరం కింద వేస్తానన్నాడు. వేశాడు. నేను రాసింది నాలుగు వాక్యాలు, ఒక్క అక్షరం మార్చలేదు.

'డిసెంబరు 19న ఎమ్మిగనూరులో నేను ప్రసంగించినట్టు వచ్చిన వార్త నిజం కాదు. ఆ రోజు కళ్లద్దాల శిబిరం జరగలేదు. 10.20 నుంచి 12.40 వరకు నేను అక్కడే ఉన్నాను. నాతోపాటు నలభై ఒకరు ఎదురుచూసి వెళ్లిపోయారు.'

నీ పేరు రాయలేదు. అది నువ్వు రాయవలసింది.

నేను పరీక్ష పెట్టానన్నావు. పెట్టాను. నువ్వు అబద్ధమాడలేదంటున్నావు, నమ్ముతున్నాను. కానీ చూడనిదాన్ని చూసినట్టు రాయడం ఒకసారి అలవాటైతే, విన్నదాన్ని తెలిసినట్టు చెప్పడం కూడా అలవాటవుతుంది. నాకు రాసిన ఉత్తరంలో నువ్వు చేసింది అదే.

మీ అమ్మ నాతో మాట్లాడడం లేదు. పిల్ల చదువు పాడుచేశానంటోంది. అన్నం మాత్రం వేళకే పెడుతోంది.

దువాలతో,
బడేబీ


ఎమ్మిగనూరు,
8-1-2026

నానీ,

నీ నాలుగు వాక్యాలు మా ఆఫీసు నోటీసు బోర్డు మీద ఎవరో అంటించారు. సురేష్ సార్ చింపి తీసి నా బల్ల మీద పెట్టాడు.

"మీ అవ్వతో రాయించింది నువ్వేనా?" అన్నాడు.

"మా నానీతో ఎవరూ ఏదీ రాయించలేరు సార్" అన్నాను.

"మరి నువ్వు రాయించల్ల ఇప్పుడు" అన్నాడు. ఇదే ఉత్తరంతో పెట్టిన టైపు కాగితం చదువు. పెద్ద వయసు వల్ల నీకు తేదీలు తారుమారయ్యాయని, వేరే రోజు వచ్చి వేరే చోట కూర్చున్నావని, సంస్థకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నావని ఉంది. కింద నీ సంతకానికి చోటు వదిలారు. సంతకం వస్తే నా సర్టిఫికెట్‌లో 'అత్యుత్తమం' అని రాస్తాడట. రాకపోతే నేను నాలుగు నెలలు ఇక్కడ పనిచేసినట్టే రాయడట.

నీ మీద నాకు కోపంగానే ఉంది. పది రోజులు అడిగాను, నీ దగ్గరికి నా ఉత్తరం చేరే లోపల నువ్వు మెట్లెక్కేశావు. సార్ నాలుగో తేదీన హాలహర్వికి ఫోన్ చేసి పెట్టె సంగతి అడుగుతానన్నాడు. ఇప్పుడు నాతో మాట్లాడడమే మానేశాడు.

ఈ కాగితం నీ దగ్గర ఉండాలి. ఏం చేయాలో నువ్వే చూసుకో. 20వ తేదీకి కాలేజీలో నా అనుభవ నివేదిక ఇవ్వాలి. ఇంకా ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ముస్రత్


ఆదోని,
11-1-2026, ఆదివారం

ముస్రత్‌కు,

నువ్వు పంపిన కాగితం చేరింది. సంతకం చేయలేదు. చేయను. నా తేదీలు ఏనాడూ తారుమారు కాలేదు. 1974 జూన్‌లో నేను మొదటిసారి పాఠం చెప్పిన రోజు ఏ వారమో అడుగు, చెప్తాను.

కాగితంలో ఏడు వాక్యాలున్నాయి. నిజమైనది ఒక్కటి, నా వయసు. మిగతా ఆరింటినీ ఎర్ర సిరాతో కొట్టి, పక్కన తప్పు ఎందుకో రాసి, ఇదే కవరులో తిప్పి పంపుతున్నాను. మీ సారుకు ఇవ్వు.

నువ్వు ఈ కాగితాన్ని నా ముందు పెడతావని అనుకోలేదు. అత్యుత్తమం అనే మాట కోసం నేను మతి తప్పినదాన్నని ఒప్పుకోవాలా? నువ్వు కాలేజీలో చేరిన రోజు నుంచి నీ ఫీజు, నీ పుస్తకాలు, నీ ఇష్టం, అన్నింటికీ నేను నీ వైపే నిలబడ్డాను. దీనికి నిలబడను. సర్టిఫికెట్ రాకపోతే రాకపోనీ.

ఈ ఉత్తరంలో ఇంతకన్నా రాయవలసింది లేదు.

బడేబీ


ఎమ్మిగనూరు,
16-1-2026

నానీకి,

సలాం. సంతకం చేయమని నేను ఎక్కడ రాశాను? నా ఉత్తరం మళ్లీ చదువు. ఈ కాగితం నీ దగ్గర ఉండాలని రాశాను. నా దగ్గర ఉంటే సార్ అడిగి తీసుకుంటాడని నీ బీరువాకు పంపాను. నువ్వు దాన్ని ఎర్ర సిరాతో దిద్ది నాకే తిప్పి పంపావు. బసమ్మక్కకు చూపిస్తే, "మీ అవ్వ టీచరమ్మ కదా, కాగితం కనపడితే దిద్దకుండా యాడుంటాది" అంది. దిద్దిన కాగితాన్ని సార్‌కు ఇవ్వలేదు. నివేదికకు జత చేశాను.

నివేదిక రాశాను. మొదటి వాక్యం, 'డిసెంబరు 20న పేపర్లో వచ్చిన అబద్ధపు వార్త రాసింది నేను.' తర్వాత నీలాగా లెక్క వేశాను. ఈ నాలుగు నెలల్లో ఇరవై రెండు ప్రకటనలు రాశాను. అందులో పదమూడు కార్యక్రమం జరగకముందే రాసినవి. పన్నెండు ఎలాగో రాసినట్టే జరిగాయి, ఒకటి జరగలేదు. మొదట ఆ ఒక్కటే తప్పు అనుకున్నాను. రాస్తూ ఉంటే అర్థమైంది, పదమూడూ తప్పే. పన్నెండుసార్లు అదృష్టం బాగుంది, అంతే. ముప్పై ఒక్క మంది నోట్లో మాటలు పెట్టాను. వాళ్లలో నలుగురిని మాత్రమే అడిగాను. నేను నేర్చుకున్నది పౌర సంబంధాలని సిలబస్‌లో ఉంది. నాకు సంబంధం ఉన్నది విలేకరులతో మాత్రమే. పౌరులు మెట్ల మీద కూర్చున్నారు. ఇదంతా రాశాను.

కాలేజీలో మా గైడు మేడం చదివి, "నివేదిక తీసుకుంటాను. సర్టిఫికెట్ లేకుండా మార్కులు వేయలేను. ఇంకోచోట ఇంటర్న్‌షిప్ మళ్లీ చేయాలి, ఆరు నెలలు వెనకబడతావు" అంది. సరేనన్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.

అదే మొదటి వాక్యాన్ని తేదీతో, సంతకంతో ఉచ్చీరప్పకు ఇచ్చాను. నేనే రాశానని ఉంటే సవరణగా వేయొచ్చన్నాడు. నిన్న వేశాడు.

ఇక్కడ జరుగుతున్నది నువ్వు చూడాలి. సోమవారం బసమ్మక్క ఆ కటింగు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. "పేపర్లో ఇచ్చినారు కదా సారూ, ఇచ్చినవి యాడున్నాయో సూపించండి, తీసుకుని పోతాం" అంది. సార్ వచ్చే ఏడాది అన్నాడు. "పేపర్లో నిన్నటిది, నీ నోట్లో వచ్చే ఏడాదిదా" అని అక్కడే కూర్చుంది. మంగళవారం నుంచి రోజుకు పదిమంది వస్తున్నారు. అందరూ ఒకేసారి వస్తే మగ్గాలు ఆగిపోతాయి, అందుకని వీధి వరుసలో వంతులు వేసుకున్నారు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా కటింగు జిరాక్సులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. గొడవ చేయరు. ఎవరైనా లోపలికి వస్తే లేచి చోటిస్తారు. నిన్న దాత తరఫు మనిషి ఏదో పనిమీద వచ్చి, వీళ్లెవరని అడిగాడు. "మేము కండ్లద్దాలు ముట్టినోళ్లం సార్" అని ఒక పెద్దాయన లేచి దండం పెట్టాడు. ఆ మనిషి ఆయన ముఖం చూశాడు, జిరాక్సు చూశాడు, సార్ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

పెట్టె హాలహర్విలో ఒక స్కూలు గదిలో తాళం వేసి ఉందట. ఆ శిబిరానికీ అదే ముఖ్య అతిథి, ఆయన ఇంకా తేదీ ఇవ్వలేదు. సాయంత్రం సార్ బయటికి వచ్చి ఈ నెలాఖరుకు తెప్పిస్తానని అందరితో అన్నాడు. నోటితోనే అన్నాడు.

బసమ్మక్కకు ఈ వారం చీరలో రెండు చోట్ల పోగు తప్పింది. షావుకారు ఈ ఒక్కసారికి ఊరుకున్నాడు.

నేను ఇప్పుడు ఆఫీసు బల్ల దగ్గర కూర్చోవడం లేదు. వంతు వాళ్లతో కింద కూర్చుంటున్నాను.

ముస్రత్


ఆదోని,
19-1-2026, సోమవారం

ముస్రత్‌కు,

అస్సలాము అలైకుమ్. నీ 8వ తేదీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. సంతకం చేయమని అందులో లేదు. నేను చూసుకోకుండా చదివాను. దినచర్య పుస్తకంలో నా తప్పులు రెండు రాసుకున్నాను. ఒకటి, 19వ తేదీన నేను మెట్ల మీద ఉన్నట్టు నీకు అదే రోజు ఫోను చేయకపోవడం. ఫోను మాటకు తేదీ ఉండకపోయినా, ఆ రోజు అది పనికొచ్చేది. రెండు, నిన్ను అడగకుండానే నీ మనసులో ఏముందో నిర్ణయించడం. నువ్వు బసమ్మ విషయంలో చేసింది అదే, నేను నీ విషయంలో చేశాను.

ఆరు నెలలు వెనకబడడం గురించి మీ అమ్మకు నేను చెప్పాను. మొదట ఏడ్చింది. తర్వాత నివేదిక గురించి నీ ఉత్తరంలో ఉన్నది చదివి వినిపించమంది. సర్టిఫికెట్ లేని నివేదిక ఎవరికి కావాలని అడిగింది. నాకు కావాలి అన్నాను. ఇప్పుడు నాతో మాట్లాడుతోంది, ఎక్కువగా తిట్టడానికే.

సురేష్ అనే ఆ మనిషి మీద నాకు కక్ష లేదు. నోటితో అన్నదాన్ని నేను లెక్కలోకి తీసుకోను, అంతే. 22న మొదటి బస్సుకు వస్తున్నాను. ఆ రోజు పదిమందిలో ఒకరి మగ్గం ఆగకుండా వాళ్ల చోటు నాకివ్వమని చెప్పు. బసమ్మ ఇంట్లో నాకు ప్రత్యేకంగా ఏమీ వండవద్దను. ఉగ్గాని చేస్తే తింటాను. స్వెట్టరు తెస్తున్నాను.

కింద రాసినవి వరుసగా జరగాలి. ఒకటి జరగకుండా రెండోదానికి పోవద్దు.

దువాలతో,
మీ నానీ

1. నెలాఖరుకు తెప్పిస్తానన్న మాటను మేనేజరు తేదీతో రాసి సంతకం పెట్టాలి. రాసేదాకా వంతులు ఆగకూడదు, రోజుకు పదికి తగ్గకూడదు.

2. అరవై నాలుగు మంది పేర్లు, పరీక్ష చీటీ ప్రకారం నంబర్లు, ఒక కాగితం మీద నువ్వు రాయాలి. ప్రతి పేరూ ఆ మనిషిని అడిగి రాయాలి. ఆఫీసు జాబితా చూసి కాదు.

3. హాలహర్వి వాళ్లకు వాళ్ల అద్దాలు వేరే రావాలి. వాళ్ల పెట్టె ఎప్పుడు వస్తుందో అదే కాగితంలో మేనేజరు చేత రాయించు. ఒక ఊరివి తీసి ఇంకో ఊరికి ఇచ్చి లెక్క సరిచేసుకుంటే నేను ఒప్పుకోను.

4. అద్దాలు పంచడానికి ముఖ్య అతిథి, రిబ్బను, ఫోటో అక్కరలేదు. పెట్టె తెరిచి, పేరు పిలిచి, ఇవ్వాలి.

5. కొత్త ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు ఫిబ్రవరి 5 లోపల పెట్టు. ఈ నివేదిక దానికి జత చెయ్యి. అది చదివి వద్దన్న చోట నువ్వు పనిచేయనక్కర లేదు.

6. పంచిన తర్వాత వార్త నువ్వే రాయాలి. ముందు ఒక్క వాక్యం కూడా రాసిపెట్టుకోకూడదు. అరవై మూడే అందితే అరవై మూడని రాయాలి, అందని ఆ ఒక్కరి పేరు మొదటి వరుసలో రాయాలి.

7. బసమ్మ అద్దాలు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుని, తెగిన పోగును తన కంటితో చూసి ముడి వేసిన తర్వాతే ఆమె పేరు ఎదురుగా 'అందినవి' అని రాయి. చేతిలో పెట్టినంత మాత్రాన అందినట్టు కాదు.